మిరపకాయల గది దులిపిన సంగతి

మిరప ఎలా పండించాలో చెప్పే పుస్తకాలు మా శాఖా గ్రంథాలయంలో ఒక అర నిండా ఉండేవి. నారు ఎప్పుడు పోయాలి, ఏ పురుగుకి ఏ మందు కొట్టాలి, కాయ ఎంత ఎండితే గలగలమంటుంది, అన్నీ రాసి ఉన్నాయి. ఇల్లు పొందికగా ఎలా పెట్టుకోవాలో చెప్పేవి కూడా రెండు మూడు ఉన్నాయి. కానీ నెలల తరబడి మిరపకాయలు నిలవ ఉన్న గదిని మళ్ళీ మనుషులు పడుకునే గదిగా ఎలా మార్చాలో చెప్పే పుస్తకం మాత్రం ఒక్కటీ లేదు. అవసరం పడి వెతికినదాన్ని కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను. ఫాల్గుణ మాసం వచ్చిందంటే మా వీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలు నన్నే అడుగుతారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. నోటితో చెప్పింది నోటితోనే పోతుంది. పుస్తకాల వల్ల ఇంత తెలుసుకున్నదాన్ని, లేని పుస్తకానికి బదులు నాలుగు పేజీలైనా రాసి పెట్టకపోతే బాగుండదనిపించి కూర్చున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతిదంతా గ్రంథాలయం చదువే. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక, పాలకేంద్రానికి పాలు పోసి వచ్చే దారిలో ఆ రేకుల గది కనిపించింది. అప్పటినుంచి ఖాళీ పాలక్యాను ఒక చేతిలో, పుస్తకం ఒక చేతిలో పెట్టుకుని ఇంటికి రావడం అలవాటైంది. మా అత్తయ్య దాన్ని చూసి, అందరి కోడళ్ళూ పాలు పోసి డబ్బులు తెస్తారు, మా కోడలు కాగితాలు తెస్తుంది అనేది. అంటూనే నేను చదివి చెప్పేది వినేది.

ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో జరిగింది. ఆ ఏడు మా ఇంట్లో మనుషులకి చోటు లేదు. ముందుగదిలో పత్తి పోశాం. ధర వస్తుందని మా ఆయన సంక్రాంతి దాకా ఆపాడు. పత్తి మీద దుప్పటి పరుచుకుని టీవీ చూసేవాళ్ళం. అది అమ్ముడుపోయేసరికి మొదటి కోత మిరపకాయలు వచ్చాయి. గుంటూరు రోడ్డులో కోల్డు స్టోరేజీలు నిండిపోయాయన్నారు. కళ్ళం మీద వదిలేస్తే మంచు పడుతుందని టిక్కీలన్నీ, అంటే కాయలు తొక్కి కుట్టిన గోతాలన్నీ, మధ్యగదిలో మనిషి ఎత్తున పేర్చారు. తలుపు వేసి ఉన్నా ఆ ఘాటు ఇల్లంతా తిరిగేది. మేము అలవాటు పడ్డాం. చుట్టాలు వస్తే మాత్రం గడపలోనే తుమ్ము మొదలయ్యేది. ఎవరైనా వరసగా మూడు తుమ్మితే, ఇంక లోపలికి రండి, అయిపోయాయి అనేది అత్తయ్య.

అప్పుడు వచ్చింది ఫోను. మా ఆడపడుచుది. మా ఆయనకి ఒక్కతే చెల్లెలు, అత్తయ్యకి ఒక్కతే కూతురు. కనిగిరి అవతల పొగాకు పండించే ఇంటికి ఇచ్చాం. తొలిచూలు, ఏడో నెల దాటింది. మా ఇంట్లో ఫోను లేదు కాబట్టి ఎదురింటి పిన్ని వాళ్ళకి చేసి నన్ను పిలిపించింది. తల్లిని పిలవకుండా నన్నే ఎందుకు పిలిచిందో మాట వినగానే తెలిసింది.

"వదినా, ఆ గది ఖాళీ అవుతుందా? ఖాళీ కాకపోతే మా అత్తగారు నన్ను పంపనంటోంది. అమ్మకి చెప్పబాకు, బెంగ పెట్టుకుంటుంది. నాకు ఇక్కడ భయంగా ఉంది వదినా."

వాళ్ళ అత్తగారిని తప్పుపట్టడానికి లేదు. మా ఆడపడుచుకి చిన్నప్పటినుంచీ ఆయాసం. పెళ్ళికి ముందు కూడా మిరప కోతల కాలంలో మేనమామ ఇంటికి పంపేవాళ్ళట. సంక్రాంతి వెళ్ళాక వియ్యపురాలు ఒకసారి మా ఇంటికి వచ్చి, గడపలో తుమ్మి, వసారాలో తుమ్మి, మంచినీళ్ళు తాగుతూ తుమ్మి, మీ ఇంట్లో మనుషులకంటే కాయలకే మర్యాద ఎక్కువుంది, ఇక్కడ ఆయాసం మనిషి ఎట్లా కంటుంది, పసిగుడ్డు ఎట్లా ఊపిరి తీసుకుంటుంది అని వెళ్ళింది. మరో గది ఇద్దామంటే లేదు. వంటిల్లు పోను తలుపూ కిటికీ రెండూ సరిగ్గా ఉన్నది ఆ మధ్యగది ఒక్కటే.

చెప్పొద్దంది కానీ, ఒకే పొయ్యి దగ్గర తిరిగే ఇద్దరు ఆడవాళ్ళ మధ్య అట్లాంటి మాట ఎంతసేపు ఆగుతుంది. సాయంత్రానికి అత్తయ్యకి తెలిసింది. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చుంది. అట్లా ఆమెని నేను ఎప్పుడూ చూడలేదు. మా ఆయన ఆ వారంలోనే ఎవరినో బతిమాలి, పొన్నూరు వైపు కోల్డు స్టోరేజీలో చోటు సంపాదించి టిక్కీలన్నీ ట్రాక్టరుకెత్తించాడు. ఆఖరి టిక్కీ వెళ్ళాక నేను తలుపు దగ్గర నిలబడి చూశాను.

గది కాదు అది. గోడలు అడుగు నుంచి సగం దాకా ఎర్రగా ఉన్నాయి. నాపరాళ్ళ సందుల్లో గింజలు. మూలల్లో తొడిమలు. బూజుకి కూడా ఎరుపు పట్టి ఎర్ర దారాల్లా వేలాడుతోంది. అటక మీద ఎప్పటెప్పటి సామానో, పాత ఇత్తడి బిందెలు, విరిగిన చాట, పురుగుమందు కొట్టే పంపు, ఎవరివో చెప్పులు. అడుగు లోపల పెట్టేసరికి గొంతు పట్టేసింది. తలుపు వేసి వచ్చాను. మర్నాడు కూడా అంతే. మూడోసారి బూజుకర్ర పట్టుకుని వెళ్ళి, దాన్ని గోడకి ఆనించి వచ్చాను. కూలీలని పిలుద్దామంటే ఊళ్ళో మనిషన్నది లేదు, అందరూ రెండో కోతల్లో ఉన్నారు.

గ్రంథాలయానికి పరిగెత్తాను. అట్ట ఊడిపోయిన గృహనిర్వహణ పుస్తకం ఒకటి దొరికింది. ముందు సామానంతా ఆరుబయట పెట్టాలి, తర్వాత పైనుంచి కిందికి దులపాలి అని ఉంది. చక్కగా ఉంది అనుకున్నాను. తెల్లవారి అటక సామాను దించడం మొదలుపెడితే పదిగంటలకల్లా వాకిలి నిండిపోయింది, అటక సగం కూడా కాలేదు. గేదెకి కట్టుగొయ్య దగ్గరికి దారి లేదు. ఏది కడగాలో, ఏది పారేయాలో, దేన్ని దేని మీద పెట్టానో తెలియక ఒక బిందె బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను. అత్తయ్య వచ్చి ఆ సంతనంతా చూసింది.

"పుస్తకంలో బయట పెట్టమనే రాశారా, మళ్ళీ లోపల పెట్టేది రాయలేదా?"

నవ్వుతూనే అంది కానీ నాకు ఏడుపొచ్చింది. సామాను మీద పరదా పట్టా కప్పేసి ఊరుకున్నాం.

ఆ పట్టా కప్పుతుంటేనే నాకు మా పుట్టింటి కళ్ళం గుర్తొచ్చింది. అదే నీలిపట్టా, అట్లాగే కుప్ప. మాది ప్రకాశం జిల్లా అంచున ఉన్న ఊరు, అక్కడా మిరపే. బళ్ళో చదివే రోజుల్లో సెలవులకి మా అమ్మతో తాలుకాయలు ఏరడానికి వెళ్ళేదాన్ని. ఎండిన కాయల్లోంచి తెల్లబడినవి, మచ్చలు పడ్డవి ఏరి వేరే పోయడం. కుప్ప మనిషి ఎత్తు ఉండేది. దాన్ని చూస్తే ఈ జన్మకి అవుతుందా అనిపించేది. అక్కడ ఏరే ఆడవాళ్ళు ఎవ్వరూ కుప్పకి ఎదురుగా కూర్చోరు. కుప్పకి వీపు పెట్టి కూర్చుంటారు. చెయ్యి వెనక్కి చాపి ఒక చాటెడు ముందుకి లాక్కుంటారు, అది ఏరుతారు, మళ్ళీ చెయ్యి వెనక్కి. మాట్లాడుకుంటూ, పాడుకుంటూ ఏరుతుంటే ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి చాపిన చెయ్యి నేలకి తగులుతుంది. మొదటిరోజు నేను కుప్ప వైపు తిరిగి కూర్చుంటే మా అమ్మ భుజాలు పట్టి ఇవతలికి తిప్పింది. దాన్ని చూడబాకు, అది నిన్ను చూస్తూ ఉంటుందిలే అంది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అందరూ అట్లాగే కూర్చుంటారు కాబట్టి మేమూ కూర్చున్నాం.

మర్నాడు మధ్యగదిలోకి చాట ఒకటి, పీట ఒకటి తీసుకుని వెళ్ళాను. కిటికీ పక్క మూలలో, గది మొత్తానికి వీపు పెట్టి, గోడకి ఎదురుగా కూర్చున్నాను. నా కళ్ళముందు పడేది చాటంత గోడ, చాటంత నేల. ఆ కాస్త గోడా తుడిచాను. రాళ్ళ సందులోని గింజలు చీపురుపుల్లతో తీశాను. చాటలోకి ఎత్తాను. పీట పక్కకి జరిపాను. మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు కూడా వెనక్కి తిరిగి గదిని చూడలేదు, పక్కగా నడిచి తలుపు దగ్గరికి వచ్చాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్ళే. కానీ ఆ సాయంత్రం నాకు అలసటగా లేదు, రేపు ఎక్కడ కూర్చోవాలో తెలుసు. మొదలుపెట్టడమంటే ఇంతకుమించి ఏమీ లేదని ఇప్పటికీ అంటాను.

గోడ ఎట్లా తుడవాలన్న దగ్గర పుస్తకం పనికొచ్చింది, అది కూడా చెప్పాలి. దుమ్ముని తరమకూడదు, పట్టుకోవాలి అని ఆ అట్టలేని పుస్తకంలో ఒక మాట ఉంది. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుందట, తడిపిన రంపపుపొట్టు చల్లి ఊడవమని రాశారు. నిజమే, మిరప దుమ్ము విషయంలో మరీ నిజం. చీపురు తగిలిందంటే లేచి ముక్కులోకే వస్తుంది. రంపపుపొట్టు మా దగ్గర ఎక్కడిది. ముందుగదిలో పత్తి ఎత్తాక మూలల్లో మిగిలిన నాసి పత్తి ఉంది, ఎవరూ కొననిది. దాన్ని గుప్పెడు తడిపి, పిండి, గోడకి అద్దాను. తీసి చూస్తే తెల్ల పత్తి ఎర్రగా వచ్చింది. గోడ మీద ఆ గుప్పెడు మేర తెల్లగా కనిపించింది. తడి పత్తి మిరప దుమ్ముని బంకలా పట్టుకుంటుంది. ఆ రోజు ఎవరైనా అడ్డం పడితే గ్రంథాలయం గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చి ఉండేదాన్ని.

అడ్డం పడింది అత్తయ్యే. తలుపు దగ్గర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, గోడకి పసుపు రాస్తున్నట్టు అట్లా అద్దితే ఉగాదికి కాదు, దీపావళికి అవుతుంది అంది. తర్వాత వెళ్ళి ఇంకో పీట తెచ్చుకుని పక్క గోడ దగ్గర, నా వీపుకి వీపు పెట్టి కూర్చుంది. అట్లా కూర్చుంటే ఒకరి ముఖం ఒకరికి కనపడదు. ముఖాలు కనపడకపోతే మాటలు సులువుగా వస్తాయి. ఎదురెదురుగా కూర్చుని ఎన్నడూ చెప్పని సంగతులు ఆ రోజుల్లో చెప్పింది. తన తొలి పురుడు కూడా ఆ గదిలోనే జరిగిందట. తల్లి లేనిది కావడంతో అత్తగారింట్లోనే కన్నదట. ఎవరినన్నా పిలవాలంటే ఎవరిని పిలవాలో తెలియలేదే అమ్మాయ్ అంది. గోడకి పత్తి అద్దుతూ అన్న మాట అది. నేను కూడా అద్దుతూనే విన్నాను. కూతురు ఇక్కడికి రావాలని ఆమె ఎందుకంత పట్టుగా ఉందో అప్పుడు తెలిసింది.

టిక్కీలు ఆనించి పేర్చిన గోడ మీద ఒకచోట పత్తి అద్దుతుంటే బొగ్గుగీతలు బయటపడ్డాయి. ఎర్రబస్సు, కిటికీకొకటి చొప్పున తలకాయలు, ఒక్కొక్క తలకీ నిలబడిన ఒక్క వెంట్రుక. మా ఆడపడుచు చిన్నప్పుడు గీసిందట. ఆ తర్వాత సున్నం కొట్టేటప్పుడు నీలిమందు కలిపిన బకెట్టు పట్టుకుని అత్తయ్య ఆ బస్సు దగ్గర ఆగిపోయింది. చుట్టూ కొట్టి దాన్ని వదిలేశాం. ఇప్పటికీ ఆ చోట గోడ పాత రంగులోనే ఉంది.

పట్టా కింది సామాను కూడా ఒక్కొక్కటే కడిగి అటకెక్కించాక గది అద్దంలా వచ్చింది. చాటలకెత్తిన గింజలు, తొడిమలు, ఎర్రబడిన పత్తి అంతా పెరట్లో పోశాం. వియ్యపురాలు గురువారం వచ్చి గది చూసి వెళ్తానని కబురు చేసింది. మంగళవారం పొద్దున మా ఆయన పొలం నుంచి వచ్చి, ఇద్దరూ ఇంత కష్టపడ్డారు, నేనూ ఒక చెయ్యి వేస్తానని పెరటి కుప్ప చూసి, అగ్గిపుల్ల గీశాడు.

మిరప పండించే ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. కాయ కాలిస్తే ఏమవుతుందో తెలియనివాడా? కాయలు కావుగా, చెత్తేగా అనుకున్నానన్నాడు తర్వాత. చెత్త అనుకుని కాల్చడం మా వైపు ఏటా ఎవరో ఒకరు చేసే పనే, ఆ ఏడు మా వంతు వచ్చింది. తూర్పుగాలికి పొగ తిన్నగా మధ్యగది కిటికీలోంచి లోపలికి వెళ్ళి, వీధి తలుపులోంచి బయటికి వెళ్ళింది. వీధంతా దగ్గు. గేదెలు తలలు విదిలిస్తున్నాయి. ఎదురింటి పిన్ని కళ్ళు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చింది.

"ఏరా అబ్బాయ్, ఊరందరికీ కలిపి ఒకేసారి దిష్టి తీశావా?"

దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో వేస్తే ఘాటు రాకపోవడమే దిష్టి ఉన్నట్టు గుర్తు అంటారు. ఆ లెక్కన మా వీధికి దిష్టన్నదే లేదని ఆ రోజు రుజువైంది. మా ఆయన బకెట్ల కొద్దీ నీళ్ళు పోస్తుంటే పొగ ఇంకా లేచింది. అత్తయ్య గది గడపలో కూర్చుండిపోయింది. కబురు పంపేద్దాం, గురువారం రావద్దని, అమ్మాయి అక్కడే కంటుందిలే అంది.

నాకూ అట్లాగే అనిపించింది. గది నిండా ఘాటు, చేతిలో రెండు రోజులు. అయినా పీట తీసుకుని వెళ్ళి అదే కిటికీ పక్క మూలలో, అట్లాగే వీపు పెట్టి కూర్చున్నాను. గుప్పెడు పత్తి తడిపాను. కాసేపటికి వెనక పీట జరిగిన చప్పుడైంది. ఇంకాసేపటికి పిన్ని పాత నేత చీరల మూట తెచ్చి పడేసి, తడిపి కిటికీలకీ గుమ్మాలకీ వేలాడదీయండే, గాలి వాటిల్లోంచి వస్తే ఘాటు వాటికే అంటుకుంటుంది, బట్టలు మాత్రం తిరిగి ఇవ్వనక్కర్లేదు అని తిట్టుకుంటూ వెళ్ళింది. మా ఆయన ఆ రెండు రోజులూ బావి నుంచి నీళ్ళు మోశాడు. చీరలు తడపడం, పిండడం, మళ్ళీ కట్టడం. పిండిన నీళ్ళు కుంకుడురసంలా వచ్చేవి. చేతులు మండితే మజ్జిగలో ముంచుకుని మళ్ళీ కూర్చునేవాళ్ళం. బుధవారం సాయంత్రం ఇంకో పూత సున్నం వేశాం, బస్సు చుట్టూనే.

గురువారం వియ్యపురాలు ఒంగోలులో బస్సు మారి ఎండవేళకి దిగింది. గడప దగ్గర ఆగింది. మేమందరం ఆమె ముక్కు వంకే చూస్తున్నాం. తుమ్మలేదు. నేరుగా గదిలోకి వెళ్ళి, గోడ వేలితో రాసి ఆ వేలు వాసన చూసింది. అటక కింద, తలుపు వెనక చూసింది. బస్సు బొమ్మ చూసి ఎవరు గీశారని అడిగింది. అత్తయ్య చెప్పింది. ఆమె చాలాసేపు చూసి, చాప ఉంటే వెయ్యండి, కాసేపు నడుం వాలుస్తానంది.

చాప వేసి తలుపు దగ్గరగా వేశాం. తర్వాత మేము పడిన అవస్థ చెప్పలేను. లోపలినుంచి దగ్గు వినిపిస్తుందేమోనని వసారాలో చెవులు రిక్కించి కూర్చున్నాం. కోడి అరిస్తే అత్తయ్య చెంగుతో అదిలించింది. మా ఆయనకి అప్పుడే తుమ్ము వచ్చి ముక్కు మూసుకుని గొడ్లచావిడి దాకా పరుగెత్తాడు. కాసేపటికి లోపలినుంచి ఒక చప్పుడు వచ్చింది. గురక. నిఖార్సయిన గురక. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

పొద్దు వాలాక ఆమె లేచి, జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చింది. అత్తయ్య కాఫీ గ్లాసు అందిస్తూ, భయంభయంగా, ముక్కుకి ఏమన్నా తగిలిందా వదినగారూ అని అడిగింది.

"తగిలింది, సున్నం వాసన. పొగాకు బేళ్ళ మధ్య నాకు ఏనాడూ పగటినిద్ర పట్టలేదు వదినా. ఆదివారం అమ్మాయిని తీసుకొస్తా. మళ్ళీ ఒక్క కాయ లోపలికి తెచ్చారో, మనిషిని ఎత్తుకుపోతా."

తేలేదు. మిగిలిన కోతలకి మా ఆయన కళ్ళం దగ్గరే పాక వేసుకుని, కాయలతోపాటు అక్కడే పడుకున్నాడు. మా ఆడపడుచు ఆదివారం వచ్చింది. గదిలో అడుగు పెట్టి, అలవాటు కొద్దీ కొంగు ముక్కుకి పెట్టుకుని, మెల్లగా తీసేసింది. తల్లి పక్కన చాప మీద కూర్చుని, నా బస్సు ఉంచారా అంది. ఆ రాత్రి వాళ్ళ మాటలు ముందుగదిలో పడుకున్న నాకు వినిపిస్తూనే ఉన్నాయి. దేని గురించో వినలేదు, వినాలనీ అనిపించలేదు. ఉగాది పచ్చడి ఆ గదిలోనే తిన్నాం. ఆ తర్వాత కొన్నాళ్ళకి పసిపిల్లని ఆస్పత్రి నుంచి ఆ గదికే తెచ్చాం. ఇంటికొచ్చిన మొదటిరోజే పిల్ల తుమ్మితే మా అందరి గుండెలు ఆగాయి. వియ్యపురాలు మాత్రం నవ్వి, మేనమామ పోలిక అంది.

కుటుంబ సంగతుల్లో మనుషుల పేర్లు రాయడం నాకిష్టం లేదు, కాబట్టి కృతజ్ఞతలు కూడా వరసలతోనే. గడువు దాటినా ఆ అట్టలేని పుస్తకం అడగని గ్రంథాలయం ఆయనకి. భుజాలు పట్టి నన్ను ఇవతలికి తిప్పిన మా అమ్మకి. చీరలిచ్చిన ఎదురింటి పిన్నికి, చీరలతో కలిపి ఇచ్చిన తిట్లకి కూడా. నిప్పు పెట్టినందుకు కాదు కానీ, నీళ్ళు మోసినందుకు మా ఆయనకి. నా వీపుకి వీపు ఆనించి కూర్చున్న మా అత్తయ్యకి. నన్ను నమ్మి ఫోను చేసిన ఆడపడుచుకి. ఆ మధ్యాహ్నం అంత హాయిగా నిద్రపోయినందుకు మా వియ్యపురాలికి.